గుట్ట పక్క కుంగిన రోడ్డు

కడప,
జూన్ మొదటి వారం

అక్కకు వందనాలు.

నువ్వు నా నంబరు బ్లాక్ చేసి నెల కావస్తోంది. ఆఫీసు ఫోన్ నుంచి చేస్తే నా గొంతు వినగానే పెట్టేశావు. కాబట్టి పోస్టాఫీసుకు పోయి కవర్లు కొన్నాను. కౌంటర్లో ఆయన "ఒగటి చాలునాప్పా?" అన్నాడు. నీ కోపం నాకు తెలుసు గనుక కట్ట ఇమ్మన్నాను.

జరిగింది జరిగినట్టు రాస్తాను. తర్వాత చించేసినా సరే, ముందు చదువు.

మా ల్యాబ్‌కు మట్టి సంచుల్లో వస్తుంది. సంచి మీద నంబరు తప్ప ఊరి పేరూ రోడ్డు పేరూ ఉండవు. ఎవరి మట్టో తెలిస్తే పరీక్ష చేసేవాడి మనసు ఒక పక్కకు లాగుతుందని ఆ పద్ధతి పెట్టారు. ఏప్రిల్‌లో వచ్చిన సంచులను నేనే తూచాను, ఆరబెట్టాను, మళ్ళీ తూచాను. ఒకే రోడ్డుకు రెండు పక్కల నుంచి తవ్విన మట్టి అది. ఒక పక్కది బిగువుగా ఉంది, ఇంకో పక్కది వదులుగా ఉంది. ఉన్నది ఉన్నట్టు రాసి సంతకం పెట్టాను.

అది మన మద్దికొట్టాల ముందు నుంచి బేతంచెర్ల స్టేషన్‌కు పోయే రోడ్డని నాకు తెలియదు. ఆ రోడ్డు మట్టిని తొక్కిన రోలర్ నడిపింది మన దావీదురాజు బావ అని తెలియదు. ఆ కాగితం చూపించే కాంట్రాక్టరు బావను రోలర్ మీద నుంచి దింపేశాడన్న సంగతి, నువ్వు ఫోన్ చేసి తిట్టినప్పుడే తెలిసింది.

అప్పుడు నేను అడిగిన మాటకు నీకు కోపం వచ్చింది. బావ తాగి రోలర్ ఎక్కాడా అని అడిగాను. ఆ కాగితం చూసిన ఎవడైనా అదే అడుగుతాడక్కా. కాకపోతే నేను ఎవడైనా కాదు గదా, అది నీ బాధ. సరే, ఒప్పుకుంటున్నాను.

మా ల్యాబ్ పెద్ద తనూజ మేడంకు, ఆ రోలర్ డ్రైవర్ మా బావ అని చెప్పేశాను. ఆమె వెంటనే ఆ పని నా చేతిలోంచి తీసేసుకున్నారు. విచారణ అయ్యేదాకా మీ ఊరి ఛాయలకు పోవద్దన్నారు. అందుకే రాలేదు. లేకపోతే నీ చేతి దెబ్బలు తినడానికైనా వచ్చేవాణ్ణి.

నీ తమ్ముడు
ఏసుకుమార్

—

మద్దికొట్టాల,
జూన్ ఆఖరు

ఏసుకుమార్‌కు,

నీ కవరు అందింది. చించలేదు. సండేస్కూలు పిల్లలకు కాగితం చించకూడదని చెప్పే మనిషిని కాబట్టి.

సంచి మీద పేరు లేదన్నావు. మంచిది. కానీ ఆ కాగితం కింద నీ పేరు ఉంది. కాంట్రాక్టరు గుమాస్తా దాన్ని మన ఇంటి గడపలో నిలబడి చదివాడు. "పరీక్షించినవారు ఏసుకుమార్. ఈయన మీ తమ్ముడే గదమ్మా" అన్నాడు. పక్కింటి వాళ్ళంతా బయటికొచ్చి చూస్తుంటే రోలర్ తాళంచెవి తీసుకుని పోయాడు. నీకు చెల్లెలు లేదు, ఉన్నది అక్క ఒక్కతే, ఆ అక్క మొగుని మీదే పెట్టావు సంతకం.

ఇక్కడ ఏం జరిగిందో నీకు సగమే తెలుసు. పూర్తిగా విను.

రోడ్డు వెడల్పు చేసి రెండేళ్ళు దాటింది. నాపరాయి గనుల నుంచి వచ్చే లోడు లారీలు మన ఇళ్ళ పక్కగా స్టేషన్‌కు పోతాయి. బండలు దించేసి ఖాళీ లారీలు గుట్ట పక్కగా వెనక్కి వస్తాయి. మామూలుగా అయితే లోడు మోసే పక్క చెడిపోవాలి. ఇక్కడ ఇళ్ళ పక్క చెక్కుచెదరలేదు, ఖాళీ లారీలు పోయే గుట్ట పక్క మన ఊరి పొడవునా కుంగిపోయింది. చక్రాలు పోయే చోట బెత్తెడు లోతు గాళ్ళు పడ్డాయి. జనవరిలో అక్కడే ట్రాక్టర్ పల్టీ కొట్టి ఒకతని కాలు విరిగింది.

వేసవిలో ఆఫీసర్లు వచ్చారు. ఎండకు గొడుగులు పట్టుకుని నిలబడి, లోడు బండ్లు ఏ పక్క పోతాయని అడిగారు. ఇళ్ళ పక్క పోతాయని మనవాళ్ళు చెప్పారు. అయితే ఇంక ఆలోచించేదేముంది, ఖాళీ బండ్లకే కుంగిందంటే ఆ పక్క రోలర్ తొక్కలేదని అర్థం అన్నారు. దానికి తోడు నీ తూకం.

మీ బావ సంగతి నీకు కొత్తగా చెప్పాలా. మట్టి పరిచిన చోట చెప్పులు విడిచి నడిచి చూసి గానీ రోలర్ ఎక్కడు. ఆ గుట్ట పక్క పని అయిన సాయంత్రం నన్ను తీసుకుపోయి చూపించాడు. "చూడుమే, నీ పెంకితనం కన్నా గట్టిగా ఉండాది" అన్నాడు. అటువంటి మనిషిని తాగాడా అని అడిగావు.

సెప్టెంబర్‌లో నంద్యాలలో విచారణ అంట. తప్పు రుజువైతే ఇక ఏ కాంట్రాక్టరూ ఆయనకు రోలర్ ఇవ్వడు. పద్దెనిమిదేళ్ళ వయసులో ఎక్కిన మనిషి, ఇంకో పని తెలియదు.

మీ మెషిన్లు ఏమైనా నిజం చెప్పేవైతే చెప్పించు. లేకపోతే కవర్లు దాచుకో.

కృపారాణి

—

కడప,
జూలై ఆఖరు

అక్కకు వందనాలు.

నీ ఉత్తరం తనూజ మేడంకు చూపించలేదు గానీ, అందులో ఒక మాట మాత్రం ఆమె కూడా అన్నారు. "ఖాళీ లారీల పక్క కుంగడమేందప్పా?" అని. ఆమెది ప్రొద్దుటూరు, అనుమానం వస్తే ఇంగ్లీషు మర్చిపోతారు.

మా ల్యాబ్ మనిషి డ్రైవర్‌కు బంధువని ఆమే విచారణ ఆఫీసర్‌కు రాసి, మళ్ళీ మట్టి తెప్పించి, కొత్త పరీక్షలు తన చేత్తోనే చేశారు. నేను తలుపు దగ్గర నిలబడి చూశాను, ముట్టుకోలేదు. రిపోర్టు ఆఫీసర్‌కూ కాంట్రాక్టరుకూ పోయింది. బావకూ ఒక ప్రతి వస్తుంది. అది ఇంగ్లీషులో ఉంటుంది కాబట్టి అందులో ఉన్నది నీకు తెలుగులో చెప్తున్నాను. నువ్వు బావకు చదివి చెప్పు.

మట్టిని నీళ్ళ సీసా అంత స్తంభంగా చేసి రబ్బరు తొడుగు వేస్తారు. భూమిలో చుట్టూ ఉండే మట్టి ఎట్లా అదిమి పట్టుకుంటుందో అట్లా చుట్టూ ఒత్తిడి పెడతారు. పైనుంచి మెషిన్ ఒక నొక్కు నొక్కి వదులుతుంది. మళ్ళీ నొక్కి వదులుతుంది. ఒక్కో నొక్కు ఒక్కో చక్రం పోయినట్టు. అట్లా వేల చక్రాలు. నొక్కితే మట్టి అణుగుతుంది, వదిలితే లేస్తుంది. బాగున్న మట్టి దాదాపు అంతా లేస్తుంది, ఎక్కడో వెంట్రుకవాసి మిగిలిపోతుంది. ఆ వెంట్రుకవాసి కూడుకుంటూ పోతే గాడి అవుతుంది.

రోడ్డు కింద ఉన్నది మన నల్లరేగడి. ఎండినప్పుడు లోడు బరువుతో ఎన్నిసార్లు నొక్కినా అది చలించలేదు. తడిపి, ఖాళీ లారీ బరువుతో నొక్కారు. మొదట కాస్త అణిగింది, తర్వాత ఆ బరువుకు అలవాటు పడి ఆగిపోయింది. అదే తడి మట్టిని లోడు లారీ బరువుతో నొక్కితే మాత్రం ఆగలేదు. నొక్కిన కొద్దీ దిగుతూనే పోయింది.

ఇంకొకటి కూడా చేశారు. కావాలనే సరిగ్గా తొక్కని మట్టితో ఒక స్తంభం చేశారు. బావ నిజంగానే పని ఎగ్గొట్టాడు అనుకుని. దాన్ని తడిపి ఖాళీ లారీ బరువుతో నొక్కితే మొదట ఎక్కువ అణిగింది గానీ అదీ ఆగిపోయింది. బెత్తెడు గాడి రావడమనేది కల్ల.

నేను ఏప్రిల్‌లో వేసిన తూకం తప్పు కాదు. నీళ్ళు తాగి ఉబ్బి, చక్రాల కింద నలిగిన నల్లరేగడిని తర్వాత తూస్తే వదులుగానే ఉంటుంది. రెండేళ్ళ కింద ఎట్లా తొక్కారో ఆ తూకం చెప్పదు. చెప్పిందని వాళ్ళు అనుకున్నారు. మొదట్లో నేనూ అనుకున్నాను.

కాబట్టి లెక్క ఒక్కటే. భూమి తడిగా ఉన్న రోజుల్లో, మన ఊరి పొడవునా, లోడు లారీలు గుట్ట పక్కన పోయి ఉండాలి. ఒకరోజు కాదు, నెలల తరబడి. అట్లా పోయాయా? ఎందుకు పోతాయి? అది మట్టి చెప్పలేదు, మనిషే చెప్పాలి. నువ్వు పొద్దస్తమానం ఆ రోడ్డు మీదే ఉంటావు. నీకు తెలియకుండా పోవు.

ఏసు

—

మద్దికొట్టాల,
ఆగస్టు ఆఖరు

తమ్మునికి,

నీ ఉత్తరం అందింది. జవాబుకు ఆలస్యమైంది, పనులు.

వానలు ఈసారి పర్వాలేదు. కొర్ర మోకాలెత్తు వచ్చింది. కలుపు తీయడానికి మనుషులు దొరకక పొదుపు సంఘం ఆడవాళ్ళమే ఒకరి చేనికి ఒకరం పోతున్నాం. చర్చి మీద రేకులు రెండు ఎగిరిపోతే మళ్ళీ వేయించాము. విశ్వాసమ్మవ్వకు మోకాళ్ళ నొప్పులు, అయినా ఇంట్లో ఉండదు. నిన్ను అడిగినట్టు చెప్పమంది.

లారీల సంగతి అడిగావు. లారీలు పోతుంటాయి, వస్తుంటాయి. ఏ పక్క పోయిందీ ఎవరు చూస్తూ కూర్చుంటారు.

మీ బావ ఎక్కువ మాట్లాడటం లేదు. పొద్దున లేచి గుట్ట పక్కకు పోయి ఆ గాడి దగ్గర గొంతుక్కూర్చుంటాడు. పిలిస్తే వస్తాడు.

నువ్వు వేళకు తిను. మెస్సు కూడు బాగాలేకపోతే వండుకో.

అక్క

—

కడప,
సెప్టెంబర్ మొదటి వారం

అక్కకు వందనాలు.

నువ్వు తిట్టిన ఉత్తరంలో నాకు కావలసినదంతా ఉంది. కుశలం రాసిన ఉత్తరంలో ఏమీ లేదు. చిన్నప్పుడు బెల్లం నువ్వు తిని, అమ్మ అడిగితే బడి సంగతులు మొదలుపెట్టేదానివి. నాకు అదే గుర్తుకొచ్చింది.

దాంతో నా ఫోన్‌లో పాతవి వెతికాను. పోయిన ఏడాది కోత పండుగకు వచ్చినప్పుడు, పండుగ ముందు రోజు శనివారం, చర్చి మెట్ల మీద పిల్లలు పాట నేర్చుకుంటుంటే వీడియో తీశాను. పిల్లల వెనక రోడ్డు కనిపిస్తుంది. ఇళ్ళ పక్క రోడ్డంతా కొర్ర కంకులు పరిచి ఉన్నాయి. అంచున వరసగా రాళ్ళు, కంపలు. బండల లోడుతో లారీ వచ్చింది. ఎర్ర చీర కట్టుకున్న ఒక ఆడమనిషి రోడ్డు మధ్యలో నిలబడి, పోలీసోళ్ళ మాదిరి చెయ్యి చాపి, దాన్ని గుట్ట పక్కకు తిప్పింది. ఎదురుగా ఖాళీ లారీ వస్తుంటే, అది దాటిపోయేదాకా లోడు లారీ ఆ గుట్ట పక్కనే నిలబడింది. ఆ చీర నేను కొనిచ్చిందే.

నువ్వు అప్పుడు చేసింది నేరమని నేను అనడం లేదు. ఊరంతా చేసేదే. కానీ నీకు జూలైలోనే అర్థమైంది. అర్థమై నాకు రేకుల సంగతి రాశావు. బావ ఆ గాడి దగ్గర కూర్చుంటున్నాడని నువ్వే రాశావు. నాకు చాలా కోపంగా ఉంది.

ఈ వీడియో ఆఫీసర్‌కు పంపడం నాకు క్షణం పని. పంపలేదు. ఆ ఊళ్ళో బతకాల్సింది నువ్వు, నేను కాదు. విచారణ ఇరవయ్యో తేదీన. అప్పటిదాకా ఇది నా దగ్గరే ఉంటుంది. తర్వాత ఉన్నా దేనికీ పనికిరాదు.

ఏసుకుమార్

—

మద్దికొట్టాల,
సెప్టెంబర్ ఆఖరు

తమ్ముడూ,

వీడియో అక్కర్లేకపోయింది. నేనే పోయి చెప్పాను. ఎందుకు ఇన్నాళ్ళు నోరు మూసుకున్నానో రాస్తాను, ఆ తర్వాత నీ ఇష్టం.

మనకు కళ్ళం ఉండేది గదా, ఊరి తూర్పున. నువ్వు అక్కడే సైకిల్ నేర్చుకున్నావు. పాలిష్ ఫ్యాక్టరీల వాళ్ళు దాని మీద రాతి పొడి తెచ్చి పోశారు. ఒక్కో ట్రాక్టరే పోస్తూ పోస్తూ తెల్లటి దిబ్బ చేశారు. ఎన్ని అర్జీలు పెట్టినా ఎవడూ తీయలేదు. కొర్ర ఎక్కడ కొట్టుకోవాలి? రోడ్డు వెడల్పు చేశాక అందరం ఇళ్ళ పక్క పరవడం మొదలుపెట్టాం. ఆ పక్కయితే గడపలో కూర్చుని కాపలా కాయొచ్చు. ఆటోలు, ట్రాక్టర్లు తొక్కితే గింజ రాలుతుంది. లోడు బండి ఎక్కితే పిండే. అందుకని రాళ్ళు పెట్టి లోడు బండ్లను అవతలికి తిప్పాం. తోపులాట లేకుండా ఇంటింటికీ వంతులు వేసింది నేను. వినాయక చవితి నాటి నుంచి క్రిస్మస్ దాకా, మన నేల బాగా తడిసి ఉండే ఆ నెలలంతా, ఏదో ఒక పంట ఆ రోడ్డు మీద ఉంటుంది. ఎండాకాలం ఏమీ ఉండదు. ఆఫీసర్లు వచ్చింది ఎండాకాలం.

మీ బావకు ఇది ఎట్లా తెలియదంటావేమో. కోతల రోజుల్లో ఆయన ఎర్రగుంట్ల వైపు పనుల్లో ఉంటాడు, ఆదివారం ఒక్కపూట వస్తాడు. ఆదివారం మనం రోడ్డు మీద గింజ వెయ్యము. ఈ ఏడు కోతలు ఆలస్యం, విచారణ నాటికి మొదలు కాలేదు. రోడ్డు మీద పంట వేస్తామని తెలుసు గానీ లారీలు ఏ పక్క పోయేదీ ఆయన ఎన్నడూ చూడలేదు.

నీ జూలై ఉత్తరం చదివి, ఎవరి కంటా పడకుండా దాచేశాను. నిజం చెప్తే రోడ్డు మీద పంట బంద్. విశ్వాసమ్మవ్వకు ఎకరా చేను, తోడు ఎవరూ లేరు. ఆమె లాంటి వాళ్ళు ఎంతమందో నీకు తెలుసు. నా మొగుని కోసం వాళ్ళందరినీ ఎట్లా అప్పజెప్పాలి? ల్యాబ్ కాగితం చాలు, దాంతోనే ఆయన బయటపడతాడులే అనుకున్నాను. ఆయనకు నీ ఉత్తరం చదివి చెప్పలేదు.

పద్దెనిమిదో తేదీ మధ్యాహ్నం అన్నానికి పిలవడానికి గాడి దగ్గరికి పోయాను. తల ఎత్తకుండానే అన్నాడు.

"ఆ పొద్దు ఎండ శానా ఉన్న్యాది మే. కండ్లు తిరిగి ఒక వరస తప్పినానేమో. ఎంత గుర్తు తెచ్చుకున్నా తెలీకుండాది. తప్పినానని ఒప్పుకుంటే పోతాది."

ఏసూ, తప్పుడు పని చేశాడని ఊరు అన్నప్పుడు నేను ఓర్చుకున్నాను. ఆయనే ఆ మాట నమ్మడం మొదలుపెట్టాడు. అది నా వల్ల.

"నువ్వు తప్పలేదప్పా" అన్నాను.

"నీకెట్ల తెలుసు?"

"లోడు బండ్లను ఈ పక్కకు తోలింది నేనే. తమ్ముడు రాసినాడు, ఖాళీ బండ్లకు ఇట్ల కుంగదంట."

అప్పుడు తల ఎత్తాడు. "ఎప్పుడు రాసినాడు?" అన్నాడు. జూలైలో అన్నాను. లేచి, నా పక్కనుంచే ఇంటికి పోయాడు. ఆ పూట అన్నం ముట్టలేదు. ఇప్పటికీ నాతో పొడి మాటలే.

నంద్యాలలో ఆయన వెనకే లోపలికి పోయాను. ఆఫీసర్ ఎవరమ్మా నువ్వు అన్నాడు. చెప్పాను.

"రోడ్డు మీద పంట వెయ్యకూడదని తెలీదా?" అన్నాడు.

"తెలుసు సార్. మా కళ్ళం మీద రాతి పొడి పోయకూడదని గూడా తెలుసు."

"అది వేరే సంగతి."

"మాకు రెండూ ఒగటే సార్. ఆడ పోసినారు కాబట్టి ఈడ పరిచినాం. లోడు బండ్లను తిప్పింది నేను. ఆయన రోలర్ తొక్కాల్సినంత కాడికి తొక్కినాడు."

మీ మేడం రిపోర్టు బల్ల మీదే ఉంది. ఆయన అది తిరగేసి, ఏ నెలల్లో, రోజుకు ఎన్ని బండ్లు, ఎక్కడ ఆగేవి అని అన్నీ అడిగి రాయించుకున్నాడు. నేను సంతకం పెట్టాను. మన ఇద్దరి సంతకాలూ ఇప్పుడు ఒకే ఫైల్‌లో ఉన్నాయి.

ఊరికి తిరిగొచ్చేసరికే అందరికీ తెలిసిపోయింది. విశ్వాసమ్మవ్వ రోడ్డు మీద నిలబడి, "నీ మొగుని రోలర్ కోసం మా నోట్లో మన్ను కొట్టినావు గదమే" అంది. నేను ఇంట్లోకి పోయి పొయ్యి వెలిగించాను.

అక్క

—

కడప,
అక్టోబర్ రెండో వారం

అక్కకు వందనాలు.

ఆర్డర్ నకలు మా ల్యాబ్‌కు కూడా వచ్చింది. రోలర్ పనిలో లోపం లేదని, కోతల కాలంలో బరువు బండ్లన్నీ ఒకే పక్కన, తడి నేల మీద పోవడం వల్ల కుంగిందని రాశారు. బావ పేరు మీద మచ్చ లేదు. తనూజ మేడం ఆ వాక్యం బయటికి చదివి వినిపించి, "మీ అక్కకు నా నమస్కారాలు రాయి" అన్నారు. ఆమె ఎవరికీ ఊరికే నమస్కారాలు పెట్టరు.

పోయిన ఉత్తరంలో కోపంగా రాశాను. నువ్వు దేన్ని మోస్తున్నావో తెలియక రాశాను.

ఇప్పుడు పని మాట. కొర్ర కోతకు వచ్చి ఉంటుంది. రోడ్డు మీద బోర్డు కూడా పెట్టి ఉంటారు. రోడ్డుకు ఆనుకుని ఉన్న నీ అర ఎకరా గురించి ఆలోచించు. అది ఎట్లాగూ సరిగా పండదు. అక్కడ కళ్ళం చేద్దామంటే నల్లరేగడి, వానకు ఉబ్బుతుంది, ఎండకు పగులుతుంది, గింజంతా నెర్రెల్లోకి పోతుంది. అయితే విచారణకు వచ్చిన మట్టి కొంత మిగిలింది. మేడంను అడిగి, దానిలో నాపరాయి పొడి కలిపి చూశాను. మట్టి ఉబ్బడం సగానికి పైగా తగ్గింది. తడిపి, ఖాళీ లారీ బరువుతో నొక్కితే దాదాపు అంతా తిరిగి లేచింది. మీ కళ్ళాన్ని పూడ్చిన ఆ తెల్ల దిబ్బ ఉంది చూడు, కావలసింది అదే. నాలుగు పాళ్ళ మట్టికి ఒక పాలు పొడి. పిడికిట్లో పట్టుకుంటే ఉండ నిలవాలి, చేతికి అంటకూడదు, అంతే తడి. ఆ తర్వాత ఏం చెయ్యాలో బావకు నేను చెప్పక్కర్లేదు.

బావతో మాట్లాడాలని ఉంది. ఆయన ఫోన్‌లో కూడా నా నంబరు నువ్వే బ్లాక్ చేసిపెట్టావు.

ఏసు

—

మద్దికొట్టాల,
నవంబర్ మూడో వారం

చిన్నోడికి,

నీ ఉత్తరం ఈసారి మీ బావకు పూర్తిగా చదివి వినిపించాను. విని, "వాడు ఒక పాలు అన్న్యాడా, రొంత ఎక్కువే వేస్తాం" అన్నాడు. ఆ రోజు నుంచి కొంచెం మాట్లాడుతున్నాడు.

రోలర్ తిరిగి ఇచ్చారు. గుట్ట పక్క తవ్వి మళ్ళీ వేసే పని కూడా ఆయనకే చెప్పారు. పొద్దంతా రోడ్డు మీద, సాయంత్రం కాంట్రాక్టరును అడిగి మన చేలో. రాతి పొడి తోలుకోవడానికి ట్రాక్టర్ అడిగితే సంఘంలో ఎవరూ పలకలేదు. నేనూ ఆయనా పక్క ఊరి నుంచి ట్రాక్టర్ తెచ్చి తోలుకున్నాం. మట్టి కలిపి, తడిపి, పరిచి, ఆయన చెప్పులు విడిచి ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి, అప్పుడు రోలర్ ఎక్కాడు. ఊళ్ళో వాళ్ళు గడపల్లో కూర్చుని చూశారు. ఒక్కరూ దగ్గరికి రాలేదు.

రోడ్డు మీద బోర్డు పెట్టారు. అందరి కొర్రా ఇళ్ళ ముందు కుప్పలుగా ఉంది, ఇరుకు వాకిళ్ళలో కట్టెలతో కొట్టుకుంటున్నారు. మన కళ్ళంలో మన కొర్ర ఒక్కటే పరిచాం. అంత పెద్ద కళ్ళంలో మన కొర్ర ఒక మూలకు సరిపోయింది. చూస్తే ఏడుపొచ్చింది. పోయిన ఏడాది వంతుల కోసం నా ఇంటి ముందు కొట్లాడుకున్న వాళ్ళే అందరూ.

వారం దాకా అంతే. మధ్యలో ఒక పెద్ద వాన పడింది. నేను పొద్దున్నే పోయి చూశాను. కళ్ళం ఉబ్బలేదు, పగల్లేదు, మడమ దిగలేదు.

నిన్న మధ్యాహ్నం విశ్వాసమ్మవ్వ నెత్తిన కంకుల మూట పెట్టుకుని, మోకాళ్ళు పట్టుకుంటూ రోడ్డు దాటి వచ్చింది. నన్ను చూడలేదు. మూట దించి, కళ్ళం మధ్యకు పోయి, మడమతో ఒకటికి నాలుగుసార్లు గట్టిగా తొక్కింది. రోలర్ తుడుచుకుంటున్న మీ బావను అడిగింది.

"ఏమప్పా దావీదూ, ఇది గూడా కుంగుతాదా?"

"కుంగదవ్వా" అన్నాడు ఆయన.

"రోడ్డుకు గూడా అట్లనే అన్న్యావు."

"రోడ్డు గూడా నేను చెడగొట్టలేదు గదవ్వా."

ఆమె వంగి మూట ముడి విప్పింది. తర్వాత నా వైపు తిరిగింది. విచారణ నాటి నుంచి నా మొహం చూడని మనిషి.

"మేయ్ కృపా, నా వంతు యా పొద్దు?" అంది.

నేను కంకులు తిరగేస్తున్న కట్టె కింద పెట్టాను. మీ బావ నా తట్టు చూసి, "అడుగుతాంది గదా, చెప్పు" అన్నాడు. శుక్రవారం అని చెప్పాను. సాయంత్రానికి ఇంకా ముగ్గురు వచ్చి అడిగారు.

శనివారం నీ వంతు, కళ్ళంలో పనికి రా. అన్నం ఇక్కడే. బస్సు ఎక్కేముందు ఫోన్ చెయ్యి, కలుస్తుంది.

అక్క